దానమ్మ అడిగిన సంతకం

అంబాజీపేట రోడ్డు పక్కన కొబ్బరిపీచుతో తాళ్ళు పేనే కార్ఖానా ఒకటి ఉండేది. మా అమ్మకి మేనత్త అయిన దానమ్మ అందులో ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. నడుముకి పీచు మూట కట్టుకుని, అవతల రాట్నం తిరుగుతుంటే వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనడం ఆవిడ పని. ఆవిడ చేతిలో తాడు ఎక్కడా సన్నబడకుండా సమంగా వచ్చేది. ఓడలరేవు పడవలవాళ్ళు ఆ తాడే కావాలని అడిగేవారట.

ఎవరైనా ఊరికే మంచి చేస్తారంటే దానమ్మ నమ్మేది కాదు. దానికి కారణం ఉంది. 1971లో క్రిస్మస్‌కి ముందు యజమాని గోవిందరాజులుగారు ఆడవాళ్ళందరికీ తలా ఒక చీర ఇచ్చారు. చీర చేతిలో పెడుతూ మేస్త్రీ రాఘవులు ఒక కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. చీర ముట్టినట్టు రసీదు కాబోలనుకుని అందరూ వేశారు. తాము రోజుకూలీలమేననీ, ఎప్పుడు మానిపించినా అడగబోమనీ అందులో రాసి ఉందని తరవాత తెలిసింది. రెండు నెలలు తిరక్కుండా నలుగురిని మానిపించారు. దానమ్మ మిషను బడిలో అయిదో తరగతి దాకా చదువుకుంది. రోజూ బైబిలు చదివే మనిషి. "చదువొచ్చుండి కూడా చదవకుండా వేలు పెట్టేను," అని చాలా ఏళ్ళు సిగ్గుపడింది.

1979లో గోవిందరాజులుగారు మంచాన పడితే కొడుకు వీరవెంకటరమణ కార్ఖానా చూసుకోవడం మొదలుపెట్టాడు. అతనికింకా ముప్పై ఏళ్ళు నిండలేదు. మొదటి నెలలోనే ఆడవాళ్ళు ఎండలో నడిచే చోటంతా తాటాకు పందిరి వేయించాడు. పై నెలలో, భోజనాలయ్యాక అరగంట నడుం వాల్చుకోమన్నాడు. ఆ తరవాత పసిపిల్లలకి ఒక గది కట్టించి, వాళ్ళని కనిపెట్టుకోడానికి ఒక ముసలామెని పెట్టాడు.

"ఎందుకు చేస్తున్నాడో చెప్పకుండా చేస్తన్నాడు. దీని వెనకాల ఏదో ఉంది," అంది దానమ్మ, పక్క రాట్నం దగ్గర పనిచేసే భూలక్ష్మితో.

"ఉంటే ఏంటి దానమ్మక్కా? నీడ నీడే కదా."

"అప్పుడూ చీర చీరే కదా అనుకున్నాం."

అమలాపురం నుంచి నెలకోసారి డాక్టరు వచ్చి అందరినీ పరీక్ష చేస్తారని తెలిశాక ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది. కేరళ నుంచి తాళ్ళు పేనే యంత్రాలు వస్తున్నాయని అప్పటికే ఒక పుకారు ఉంది. జబ్బు మనుషులని ఏరి పంపేయడానికే ఈ పరీక్షలని ఆవిడ లెక్క. ఆవిడకి అప్పటికి ఏడాదిగా దగ్గు. డాక్టరు వచ్చిన రోజున పైట చెంగు నోట్లో కుక్కుకుని, వెనక పాకలో పీచు విదిలిస్తూ ఉండిపోయింది.

భూలక్ష్మి మాత్రం వెళ్ళి చూపించుకుంది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. నాలుగోరోజుకి ఆమె చోట్లో ఇంకో మనిషి నిలబడి ఉంది. సాయంత్రం దానమ్మ భూలక్ష్మి ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. కార్ఖానా మనిషి వచ్చి తీసుకెళ్ళాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

పొద్దున్నే దానమ్మ మేస్త్రీని అడక్కుండా నేరుగా యజమాని గదిలోకి వెళ్ళింది.

"భూలక్ష్మిని ఎక్కడికి పంపేసేరండీ?"

"కాకినాడ ఆసుపత్రికి. నెమ్ము పట్టింది. మూడు వారాలు పడుతుందన్నారు," అన్నాడు వీరవెంకటరమణ. "కూలి అక్కడికే పంపుతాం. తిరిగొచ్చేక తన రాట్నం తనదే."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి?"

"పందిరనీ, డాక్టరనీ ఇయ్యన్నీ ఎందుకు చేస్తున్నారండీ? మీకేం అవసరమండీ?"

అతను ముందున్న లెక్కల పుస్తకం మూసేశాడు. "ఉన్నమాట చెప్పమంటావా?"

"ఆయ్. అదే అడుగుతున్నానండి."

"నిరుడు వానాకాలంలో తొమ్మిదిమంది మానేసేరు. దగ్గని కొందరు, పిల్లల్ని చూసేవాళ్ళు లేక కొందరు. కొత్తవాళ్ళు పేనిన తాడు రేవులో తెగిపోయి సరుకంతా వెనక్కొచ్చింది. నీలాగా పేనడం రావాలంటే ఏ మనిషికైనా రెండేళ్ళు పడుతుంది. నువ్వు పడిపోతే నాకు ఆ రెండేళ్ళూ పోయినట్టే. మా నాన్నగారు అది చూసుకోలేదు."

"అయితే మీ కోసమేనన్నమాట."

"నా కోసమే. అందులో మీకూ మంచే ఉంది కదా."

జాలిపడి చేస్తున్నానని అతను చెప్పి ఉంటే దానమ్మ నమ్మేది కాదు. అవసరం ఆవిడకి అర్థమైంది. అయినా కదల్లేదు.

"అలాగైతే జబ్బు చేసినవాళ్ళని మానిపించబోమని రాసివ్వండి బాబుగారూ. వేలిముద్రలు మేం ఇదివరకు వేసేం. ఈసారి సంతకం మీరు పెట్టండి."

గుమ్మంలో నిలబడ్డ రాఘవులు, "దానమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకో," అన్నాడు. వీరవెంకటరమణ మొహం ఎర్రబడింది. "వెళ్ళి పని చూసుకో," అన్నాడు ముక్తసరిగా.

తన పని అయిపోయిందనే అనుకుంది ఆవిడ. నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. అయిదోరోజు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. నిలబడే రెండుసార్లు చదివింది. జబ్బు చేసినవారిని 'వీలైనంతవరకు' మానిపించబోమని ఉంది.

"ఈ వీలైనంతవరకు అన్నది కొట్టేయండి."

అతను పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టాడు. మళ్ళీ డాక్టరు వచ్చినప్పుడు దానమ్మ అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. క్షయ అన్నారు. ఇంకో ఆరునెలలు దాచుకుని ఉంటే మందులకి లొంగేది కాదన్నారు. నాలుగు నెలలు ఇంటిపట్టునే ఉండి మందులు మింగి, తిరిగొచ్చి, భూలక్ష్మి పక్కన తన రాట్నం దగ్గరే నిలబడింది. తరవాతి అయిదేళ్ళలో కాలవ అవతలి తాళ్ళ కార్ఖానాలు రెండు మనుషులు నిలవక మూతపడ్డాయి. ఇది నడిచింది. ఆ అయిదేళ్ళలో పెళ్ళై ఊరు వదిలిన ఇద్దరు తప్ప ఇక్కడ ఎవరూ మానలేదు.

యజమానిని దానమ్మ పూర్తిగా నమ్మిందని మాత్రం చెప్పలేను. కొత్తది ఏది పెట్టాలన్నా వీరవెంకటరమణ ముందు ఆవిడ దగ్గరికొచ్చి ఎందుకో చెప్పడం అలవాటు చేసుకున్నాడు. 1986లో ముక్కుకి కట్టుకునే గుడ్డలు తెచ్చి, దుమ్ము లోపలికి పోకుండా అని చెప్పాడు.

"ఉక్కపోతకి ఊపిరాడుద్దాండీ? ముందు మీరు కట్టుకుని చూడండి," అంది దానమ్మ.

అతను గుడ్డ కట్టుకుని, పీచు విదిలించే పాకలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.