మా మామ తాగలేదు

మలేరియా అని తేలాక పద్నాలుగు రోజులకు మాత్రలు రాశారు. బీదర్ దగ్గరి కొల్హార్‌లో నేను పనిచేసే షెడ్డుకే ఆశా కార్యకర్త రోజూ వచ్చి, ఎదుట నిలబడి మింగించేది. నాలుగో రోజు మూత్రం నల్లటి డికాషన్‌లా వచ్చింది. ఆమెకు చెప్పాను.

"వేడి చేసుంటదన్నా, నీళ్లు మంచిగ తాగు. గోలీలు మాత్రం ఆపొద్దు" అంది.

ఆపలేదు. ఆరో రోజు మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడ్డాను. కళ్లు పచ్చబడ్డాయి. ఆటోలో బీదర్ ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు మొదట అడిగింది ఎంత తాగుతావని. తాగనని మూడుసార్లు చెప్పాను. నమ్మినట్టు లేదు.

మర్నాడు ఇంకో డాక్టరమ్మ వచ్చి, మాత్రల అట్ట చూడగానే అవి ఆపించింది. కొందరి రక్తంలో పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుందట. అలాంటివాళ్లకు ఈ మందు ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయట. తల్లి నుంచి కొడుకులకు వస్తుందని చెప్పి, అమ్మవైపు ఎవరికైనా ఇలా అయిందా అని అడిగింది.

మంచం పక్కనే ఉన్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా తమ్మునికి గిట్లనే అయ్యిండె" అంది.

ఆ తమ్ముడే చిమ్కోడ్ ఊళ్లో ఉండే మా మామ. ఒకప్పుడు అక్కడి చర్చిలో సంఘపెద్ద. నా చిన్నప్పుడు ఆయనకు చలిజ్వరం వచ్చింది. మాత్రలు మింగాక పచ్చగా అయిపోయాడు. చాటుగా తాగి కాలేయం పాడుచేసుకున్నాడని అందరూ అన్నారు, పెద్దరికం తీసేశారు. కల్లు చుక్క ముట్టని మనిషి ఆయన.

నాకు రక్తం ఎక్కించి ఇంటికి పంపారు. ఎంజైము పరీక్ష అప్పుడే చేస్తే సరిగా తేలదని, మూడు నెలలాగి రమ్మన్నారు. వెళ్తే కిట్టు లేదన్నారు. మళ్లీ వెళ్తే పరీక్ష చేసే మనిషి సెలవు. నాలుగోసారికి కాగితం చేతికొచ్చింది, ఎంజైము తక్కువేనని. దాన్ని పట్టుకుని తిన్నగా చిమ్కోడ్ వెళ్లాను.

"మామా, నీది కూడ గిదే. నువ్వు తాగలేదని ఇగ అందరికి చెప్పొచ్చు."

"తాగలేదని నాకెర్కనే గదరా" అన్నాడు మామ. "గిప్పుడు చెప్తె ఏం ఫాయిదా?"

ఆ మాటకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ ఆదివారమే మామవాళ్ల చర్చికి వెళ్లి పాస్టరుగారికి కాగితం చూపించాను. ఆయన ఆ ఊరికి కొత్త. "బాగైనవ్ గద బ్రదర్, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందర సాక్ష్యం చెప్పు" అన్నాడు.

లేచి అంతా చెప్పాను. మందు సంగతి, రక్తం సంగతి, మామ మీద పడ్డ నింద. నేను ఆపగానే "స్తోత్రం!" అని అందరూ చప్పట్లు కొట్టారు, నేను బతికినందుకు. వెనక వరుసలో కూర్చున్న మామవైపు ఒక్కరూ తిరిగి చూడలేదు.

బయటికొస్తుంటే ఒక ముసలమ్మ ఆయన్ని ఆపింది. నా ప్రాణం లేచొచ్చింది.

"నీ అల్లుడు మస్తు మాట్లాడిండు" అని ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.