మొదటి కాటా అప్పన్నది

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే కంప్యూటర్ల మీద కూడా పెద్దగా లేదు, కాకపోతే వాటి మీద పడి బతుకుతున్నాను కాబట్టి బయటికి అనను. ఇది చదివి మీరు నన్ను నమ్మకపోయినా నాకేం బాధ లేదు. నా ప్రోగ్రాములు కొనుక్కున్నవాళ్ళే నన్ను పూర్తిగా నమ్మరు.

గాజువాకలో నాకో చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం ఉంది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు పనికి ఈ ఊరొచ్చాడు. ఆయన ఇనుము కరిగించాడు, నేను పాత ప్రోగ్రాములు కరిగిస్తుంటాను. ఏదో ఆఫీసు మూలన, ఒకే ఒక్క కంప్యూటర్లో, ముట్టుకుంటే పోతుందేమోనన్న భయం మీద ఏళ్ళ తరబడి నడిచే ప్రోగ్రాములుంటాయి. వాటిని తీసి క్లౌడ్‌లో పెట్టడం నా పని. అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో దాచి, ఇంటర్నెట్ మీద వాడుకునేలా చెయ్యడం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "ఇదివరకు గాలిలో మేడలు కట్టేవారు, ఇప్పుడు మబ్బుల్లో కడుతున్నారు. మొత్తానికి పైకొచ్చారు."

ఆటోనగర్ అవతల సత్తిబాబు గారికి ఇనుప ఊచల యార్డు ఉంది. అక్కడ లారీలను తూచే కాటా ఉంది. నేలకు సమంగా పెద్ద ఇనుప పలక, పక్కనే ఒక గది, గదిలో బరువు ఎర్ర అంకెల్లో చూపించే డబ్బా, దానికి తీగతో కలిపిన కంప్యూటర్. లారీ ఖాళీగా వచ్చి ఒకసారి ఎక్కుతుంది. ఊచలు నింపుకుని ఇంకోసారి ఎక్కుతుంది. రెండో బరువులోంచి మొదటిది తీసేస్తే సరుకు. అంతకుమించి గణితం అక్కడ లేదు, అందుకే ఆ పని నాకిచ్చారు.

ఆ గదిలో చాలా ఏళ్ళు సన్యాసిరావు అనే ఆయన కూర్చునేవాడు. సబ్బవరం మనిషి. లారీ డ్రైవర్లందరికీ బావే. మొదటిసారి నేను ప్రోగ్రాం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన జబ్బుతో ఉన్నాడు, అయినా పనికొస్తూనే ఉన్నాడు. పొద్దున్న గది తెరవగానే కంప్యూటరుకు అగరొత్తి వెలిగించాడు. బండి నంబరు రాయాల్సిన చోట "అప్పన్న" అని కొట్టాడు. చెప్పులు విప్పి, వెళ్ళి ఆ ఇనుప పలక మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంకె నిలకడగా ఆగగానే చీటీ దానంతటదే అచ్చయ్యింది. ఆయన వచ్చి దాన్ని సింహాద్రి అప్పన్న పటం ముందు పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"మొదటి కాటా సామిది సార్. లారీ ఎక్కకముందు మనిసెక్కాల. నేకపోతే ఆ రోజుకి కాటా కుదురుకోదు."

"రోజూ తులాభారమే అన్నమాట."

"మరేటి! బెల్లం ఖర్చు నేదు," అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

నేను మొదలుపెట్టకముందే ఆయన పోయాడు. అదే వారంలో పాత కంప్యూటరు డిస్కు కూడా కీచుమంటూ ఆగిపోయింది. దాన్ని నేను కాకతాళీయం అనే అంటాను. డిస్కులు పోతాయి. నా చేతిలో చాలా పోయాయి.

సత్తిబాబు గారు కొన్నాళ్ళు లారీలను బయట కాటాకి పంపారు. ఈలోగా పాత డిస్కులోంచి వివరాలన్నీ తీయించి, కొత్త ప్రోగ్రాం రాసి క్లౌడ్‌లో పెట్టాను. వివరాలు శుభ్రం చేస్తుంటే "అప్పన్న" పేరుతో రోజుకొక చీటీ చొప్పున కుప్పలుగా కనిపించాయి. ఇవి లారీలు కావు కదా అని పక్కన పడేశాను. అంతేకాదు, టన్ను కన్నా తక్కువ బరువును ప్రోగ్రాం అసలు తీసుకోకుండా కట్టడి పెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. నేనలా అనుకున్న రోజుల్ని మా ఆవిడ కాలెండర్లో గుర్తు పెట్టుకుంటుంది.

కొత్త ప్రోగ్రాముతో పాటు కుర్చీలోకి కొత్త మనిషీ వచ్చింది. సన్యాసిరావు గారి కూతురు గౌరి. డిగ్రీ అయిపోయింది, తల్లీ తానూ ఇద్దరే ఇంట్లో. తండ్రి మీద గౌరవంతో సత్తిబాబు గారు ఆ కుర్చీ ఇచ్చారు. సబ్బవరం నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చేది.

ఒక వారం బాగానే గడిచింది. తర్వాత సత్తిబాబు గారు ఫోన్ చేశారు.

రోజూ వచ్చే లారీల ఖాళీ బరువులు ఆయనకు కంఠస్థం. ఏ రోజైనా సరే, పొద్దున్న మొదట ఎక్కిన లారీ తన మామూలు బరువు కన్నా యాభై అయిదు కిలోలు ఎక్కువ తూగుతోంది. ఆ తర్వాతవి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఖాళీ బరువు ఎక్కువ పడితే సరుకు తక్కువ లెక్కకొస్తుంది. అంటే రోజూ అన్ని కిలోల ఊచలు ఊరికే బయటికి పోతున్నాయి.

మొదట వచ్చే లారీ చాలా రోజులు పైడిరాజుది. సన్యాసిరావుకు ప్రాణస్నేహితుడు.

"ఆ పైడిరాజుగాడూ ఈ పిల్లా కలిసి నాకు టోపీ ఎడతన్నారండి," అన్నారు సత్తిబాబు గారు. "తండ్రి ముకం సూసి కూకోబెట్టాను. ఇదా మర్యాద?"

గౌరి పక్కనే నిలబడి ఉంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. పైడిరాజు ఊరుకోలేదు.

"బావూ, యాబై అయిదు కిలోలు దొంగిలించాలంటే నాను ఇంత లారీ తెచ్చుకోవాలా? సైకిలు సాలదా?"

మర్నాడు పైడిరాజును ఆపి వేరే లారీని ముందు ఎక్కించాం. దానికీ అంతే ఎక్కువ పడింది. ఆ మర్నాడు గౌరిని బయట టీకొట్టు దగ్గర నిలబెట్టి నేనే కుర్చీలో కూర్చున్నాను. అప్పుడూ అంతే. నేను సంతోషపడ్డాను, పిల్ల తప్పు లేదని తేలింది కదా అని. సత్తిబాబు గారు ఇంకో దారిలో ఆలోచించారు.

"అయితే మీ మబ్బే దొంగన్నమాట. శనివారం దాకా సూత్తాను. తేలకపోతే కాటా మూసీసి బండ్లన్నీ బయట కాటాకే పంపించెత్తాను. మీ మబ్బు మీరు పట్టుకుపోండి. పాపని ఆళ్ళమ్మ కాడికి ఎల్లిపోమనండి."

అంటే నాకు పనిచ్చే ఒక పార్టీ పోతుంది, ఆ పిల్లకు కుర్చీ పోతుంది. నాకు పార్టీలు పోవడం అలవాటే.

కాటా మెకానిక్కును పిలిపించాను. పలక కింద గోతిలోకి దిగి చూశాడు. నీళ్ళు లేవు, ఎలుకలు లేవు, రాళ్ళు ఇరుక్కోలేదు. ప్రభుత్వం ముద్ర ఉన్న తూకపు గుండ్లు తెచ్చి మూలమూలనా పెట్టి చూశాడు. కాటా సరిగ్గా ఉందని కాగితం రాసిచ్చాడు. పొద్దుటి పూట మంచు బరువా అనుకుని, మధ్యాహ్నం ఎండలో మొదటి లారీని ఎక్కించాం. అయినా ఆ అంకె మారలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బరువును చూపేది ఆ ఎర్ర అంకెల డబ్బా. దాన్నుంచి కంప్యూటరుకు మాట వెళ్తుంది తప్ప, కంప్యూటరు నుంచి దానికి వెళ్ళే దారి లేదు. మా ఇంట్లో నాకున్న హోదా లాంటిది, వినడమే గాని చెప్పడం ఉండదు. కాబట్టి ఆ అంకెను నా ప్రోగ్రాం పుట్టించే అవకాశమే లేదు.

దారి తోచనప్పుడు మా వృత్తిలో ఒక మొరటు పద్ధతి ఉంది. కొత్తదాంట్లో ఏమేం తీసేశామో అన్నీ ఒక్కొక్కటే వెనక్కి పెట్టి చూడ్డం. పాత చీటీ అచ్చు పెట్టాను. చీటీ మీద టైము వేసే పాత గడియారం పెట్టాను. ఒక్కో పొద్దున ఒక్కోటి. ఏదీ పని చెయ్యలేదు. శనివారానికి ఒకటే మిగిలింది, నేను పెట్టిన ఆ టన్ను కట్టడి. దాన్ని "అప్పన్న" అనే పేరుకు మాత్రం సడలించాను. సైన్సు చదువుకున్నవాడిగా నాకు సిగ్గేసింది. కానీ మిగిలింది అదే.

శనివారం పొద్దున్న అందరం గదిలో ఉన్నాం. సత్తిబాబు గారు, గుమ్మం దగ్గర పైడిరాజు, నేను, గౌరి. కిటికీలోంచి పలక మొత్తం కనిపిస్తోంది. ఎండ బాగానే ఉంది. పలక మీద ఏమీ లేదు. డబ్బా సున్నా చూపిస్తోంది.

"మీ నాన్నలాగే చెయ్యమ్మా," అన్నాను. గౌరి అగరొత్తి వెలిగించింది. నేను "అప్పన్న" అని కొట్టి మీట నొక్కాను. ఇక ఆమె వెళ్ళి పలక మీద నిలబడాలి. గుమ్మంలో ఆగి చెప్పులు విప్పుకుంటోంది.

ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది. డబ్బాలో అంకె కదిలింది.

కాస్త పైకీ కిందికీ ఊగింది, మనిషి ఎక్కి కాళ్ళు సర్దుకుంటే ఊగినట్టు. తర్వాత నిలబడింది. యాభై అయిదు.

చీటీ అచ్చయ్యింది. గౌరి గుమ్మంలోనే ఉంది. మేం నలుగురం పలకకేసే చూస్తున్నాం. పలక ఖాళీగా ఉంది. అంకె మళ్ళీ మెల్లగా ఊగి సున్నాకి దిగింది.

ముందు పైడిరాజే తేరుకున్నాడు. "కాటికెల్లినా కాటా వదల్లేదు బావ," అన్నాడు. హాస్యానికి అన్నాడో ఏడవలేక అన్నాడో తెలీదు.

తర్వాత తన లారీ ఎక్కించాడు. సరిగ్గా దాని మామూలు ఖాళీ బరువే పడింది. మళ్ళీ దింపి మళ్ళీ ఎక్కించాం. అదే.

సత్తిబాబు గారు ఆ చీటీ తీసుకుని, తన చెప్పులు విప్పి, అప్పన్న పటం ముందు పెట్టారు. వెళ్తూ వెళ్తూ, "సోమవారం ఎన్ని గంటలకి తెరుత్తావు పాపా?" అన్నారు.

"నాన్న తెరిసే టయానికే సార్," అంది గౌరి.

ఇంటికెళ్ళి, పక్కన పడేసిన పాత అప్పన్న చీటీల్ని బయటికి తీశాను. చాలా ఏళ్ళు సన్యాసిరావు బరువు డెబ్బై దగ్గరే ఉంది. ఆ కాటా అయిదేసి కిలోలుగా చూపిస్తుంది. చివరి ఏడాదిలో అరవై అయిదు, తర్వాత అరవై. చివరి వారాల్లో యాభై అయిదు. గౌరిని అడిగితే, కడుపులో జబ్బని, ఆఖర్న గంజి కూడా దిగేది కాదని చెప్పింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నా కాటా ఎక్కడం మాత్రం మానలేదట.

ఆ చీటీలన్నిటినీ తెచ్చి క్లౌడ్‌లోకి ఎక్కించాను. అవి ఉండాల్సిన చోట ఉండాలనిపించింది, అంతకన్నా కారణం చెప్పలేను.

ఇది జరిగి ఏడాది దాటింది. గౌరి రోజూ గది తెరుస్తుంది, అగరొత్తి వెలిగిస్తుంది, "అప్పన్న" అని కొడుతుంది. పలక మీదికి తను వెళ్ళదు. భయం వేయదా అని అడిగాను. "మా నాన్నే కద సార్, భయమేటి?" అంది. కొత్తగా చేరిన డ్రైవర్లు మొదటి చీటీ ఎవరిదని అడిగితే, పాతవాళ్ళు "బావది" అంటారు.

కేబుల్ మార్చి చూశాను. డబ్బా మార్చి చూశాను. మెకానిక్కు రెండుసార్లు వచ్చి కాటా సరిగ్గానే ఉందని మళ్ళీ రాసిచ్చాడు. క్లౌడ్ వాళ్ళు తమ దగ్గర ఏ లోపమూ లేదన్నారు. అందరూ సరిగ్గానే ఉన్నారు. మరి ఆ బరువు ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

మొన్న వేరే పనిమీద అటు వెళ్తే గౌరి నన్ను పిలిచి తెర చూపించింది. చీటీల వరుస. మొదట్లో అన్నీ యాభై అయిదే. వానాకాలం వచ్చేసరికి అరవై. ఈ మధ్యనంతా అరవై అయిదు.

"సూసారా సార్," అంది, మొహం వెలిగిపోతూ. "నాన్న అన్నం తింటన్నాడు."

ప్రోగ్రాములో ఏదైనా వింత వరుస రాస్తే, దాని పక్కన ఎందుకు రాశామో కారణం రాయడం మా వాళ్ళ ఆచారం. తర్వాత వచ్చేవాడు తెలియక తీసేయకుండా. "అప్పన్న అయితే ఎంత బరువైనా తీసుకో" అన్న ఆ వరుస పక్కన కారణం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఏం రాయాలో తోచలేదు. చివరికి "దీన్ని తీయవద్దు" అని మాత్రం రాసి, కారణం చోటు ఖాళీగా వదిలేశాను.