పిట్టల వేడినీళ్లు, మామగారి తలంటు

కొత్త అల్లుడి మర్యాద ఎంత వేగంగా నేలకు దిగగలదో తెలుసుకోగోరే పాఠకులు కాస్త దగ్గరికి జరగండి. నా మర్యాద కన్నడ సీమ అంచునున్న బట్లహళ్ళిలోని మామగారి పెరట్లో ఎలా దిగిందో వరుస తప్పకుండా చెబుతాను.

యాభైల నాటి మాట. పెళ్లయిన తొలి చలికాలం. రాగి చేల కోతలు ముగిశాయి, బావి మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిల ఆగింది, కాలువలు ఎండాయి. పెరటి జామచెట్టు మీద పిచ్చుకలూ పికిలిపిట్టలూ ఒళ్లు ఉబ్బించుకొని కూర్చునేవి. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టి పిట్టలు దాహంతో చస్తాయని బడిలో కన్నడ పాఠం చదివినవాణ్ణి. చింతామణి తాలూకాలో చెంబెడు నీళ్లయినా ఏనాడూ గడ్డకట్టలేదన్న సంగతి నా చదువుకు అడ్డు రాలేదు. వేడినీళ్లు పెడితే పిట్టలు గుంపులుగా దిగుతాయని అత్తవారింట అందరి ముందూ ప్రకటించాను.

చింతపండుతో తోమిన ఇత్తడి గంగాళంలో పొగలు కక్కే నీళ్లు పోసి, బంధువులకు మర్యాద చేస్తున్నట్టు చేతులు కట్టుకొని పక్కనే నిలబడేవాణ్ణి. రోజులు గడిచినా ఒక్క పిట్ట దిగలేదు. నచ్చని సంబంధం చూడవచ్చిన పెద్దల్లా కొమ్మ మీదినుంచి నన్ను ఎగాదిగా చూసేవి.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కారు. నాకు వినబడేటట్టు కూతురితో అన్నారు: "మీ ఆయప్పకు చెప్పు పాపా. ఈ పొద్దు ఒక్క పిట్టన్నా తాగకపోతే గంగాళం అటకెక్కుతాది. ఇంక ఈ ఇంట్లో ఆయప్ప మాట ఎవురూ ఇనేది లేదు."

"ఇన్నారా?" అంది నా భార్య, నవ్వు ఆపుకుంటూ.

నీళ్లు తొందరగా చల్లారడమే లోపమని తేల్చి, పొయ్యి మీద రాగి అండాలో కాగుతున్న నీళ్లన్నీ గంగాళంలోకి మోశాను. అవి ఎవరికోసం కాగుతున్నాయో విచారించాలన్న ఊహే రాలేదు.

కాసేపటికి వెనక తలుపులో మామగారు కనిపించారు. గోచీ ఒక్కటే బట్ట. తల నుంచి పాదం దాకా ఆముదం. అప్పుడే పోతపోసిన విగ్రహంలా మెరుస్తూ, వణుకుతూ ఉన్నారు.

"ఏమప్పా, నా నీళ్లు యాడ?"

"పిట్టలకు పెట్టినాను మామా."

"పిట్టలు తలంటు పోసుకుంటాయా?"

"వాటికి దాహం మామా."

"నాకు చలప్పా. ఒళ్లంతా ఆముదం ఉండాది. ఇట్లే చింతామణి సంతకు పోవాల్నా?"

"మళ్లీ కాచిస్తాను."

"అవి కాగేలోగా నేను గడ్డ కడతా. నువ్వు చదివిన పాఠంలో నన్నూ ఎక్కిస్తారు."

నన్ను లోపలికి తరిమి, గంగాళం పక్కనే కూర్చొని తలంటు కానిచ్చారు. అడుగున మిగిలి చల్లారిన మంచినీళ్లను కోపంతో పక్కనున్న, చిన్న చిన్న గుంటలు పడిన బండ మీద కుమ్మరించి, "ఇంక ఎవురికీ లేవు" అంటూ ఇంట్లోకి వచ్చేశారు.

ఆయన వీపు తిప్పారో లేదో, పిట్టలు దిగాయి. అక్కడ కాపలా మనిషి లేడు, పొగ లేదు, మునిగిపోయే లోతు లేదు. పిచ్చుకలు ముక్కు ముంచి, తల ఎత్తి తాగాయి. పికిలిపిట్టలు రెక్కలు తడుపుకొన్నాయి. ఎక్కడినుంచో గోరింకలు కూడా వచ్చి చోటుకోసం తగువుపడ్డాయి. ఇంటిల్లిపాదీ వెనక తలుపులో ఇరుక్కొని చూశారు.

నేను గొంతు సవరించుకున్నాను. "తాగినాయా, లేదా?"

"తాగినాయి," అన్నారు అత్తగారు, మొదటిసారి నేరుగా నాతోనే. "రేపట్నుంచి బండ మీదే పోయప్పా. సన్నీళ్లు చాలు."

మామగారు తల తుడుచుకుంటూ అందుకున్నారు: "నేను పోస్తేనే వచ్చినాయి, చూసినారా? పిట్టలకు మనిషి గుణం తెలుస్తాది."

ఆ చలికాలమంతా ఆయనే స్వయంగా బండ తడిపారు. వచ్చిన ప్రతి బంధువుకూ ఆ ఉపాయం తనదేనని చెప్పారు. నేను ప్రతిసారీ ఖండించాను. ఎవరూ చెవిన పెట్టలేదు. అయినా గెలుపు నాదే.

కావున సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: లోకంలోని పిట్టలన్నీ నోరు తెరుచుకొని నా ముందు బారులు తీరినా, ఇంట్లో ఆముదం పూసుకున్న మనిషి ఉన్నంతసేపు నీళ్లపొయ్యి వైపు కన్నెత్తి చూడను. ముందు మామగారి స్నానం, ఆ తర్వాతే లోకోపకారం.