ఎక్కేదాకా కూర్చో

గల్ఫ్‌లో, రూవీ బజార్లో కంప్యూటర్ ఆటల క్యాసెట్లు అమ్మే ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఏ ఆటనీ ఊరికే చేతికిచ్చేవాడు కాదు. టేపు పెట్టి, అది కీచుమని కీచుమని కంప్యూటర్లోకి ఎక్కి, చివరికి టీవీ తెర మీద ఆట కనపడేదాకా కొనడానికొచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టేవాడు.

"ఎక్కనీ," అనేవాడు, అంతే.

ఆయన సరుకంతా ఇంగ్లండులోని ఒకే కంపెనీది. ఇద్దరు అన్నదమ్ములు ఇంట్లో మొదలుపెట్టిన ఆ కంపెనీని ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొన్నారు. క్యాసెట్ల కాలం పోయిందని తొంభైల మొదట్లో మూసేశారు. ఆ కబురు నాకు పండగ. కొట్లో పెరిగినవాణ్ణి, చవగ్గా దొరికే చచ్చిన సరుకు వాసన వీధి చివర నుంచే పసిగడతాను.

నేను వెళ్ళేసరికి బాబాయ్ పనిచేసే కొట్టు యజమాని నిలబడి ఉన్నాడు, అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. ఆటల క్యాసెట్లున్న అర ఖాళీ చేసి సినిమా క్యాసెట్లు పెట్టమంటున్నాడు.

"కంపెనీయే లేదు కదా బాబాయ్. సగం ధరకిచ్చెయ్, మొత్తం నిజ్వా ఊరికి పట్టుకుపోయి అమ్ముకుంటా," అన్నాను.

"కంపెనీ పోతే ఆటెందుకు పోతుందిరా? కూర్చో."

టేపు కీచుమంది. అర్బాబ్ చెవులు మూసుకున్నాడు. చివరికి తెర మీద చిన్న బొమ్మ గెంతింది. అర్బాబ్ నన్ను లేపి స్టూలు మీద తను కూర్చున్నాడు. మూడుసార్లు ఓడిపోయాక, "రహ్‌నే దో," అన్నాడు, ఆ అర అలాగే ఉండనీ అని.

బాబాయ్ నావైపు తిరిగాడు.

"ఇప్పుడడుగు బేరం."

ఒక్క క్యాసెట్ పూర్తి ధరకే కొన్నాను. సంచైనా ఊరికే ఇమ్మన్నాను. అదీ ఇవ్వలేదు.