గడి మేడ మీద తేనెపట్లు

మొన్న తొర్రూరు నుంచి మనవరాలు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. తేనెటీగల పెట్టెలు పెంచుతోంది కదా, చలికాలంలో ఖాళీ పట్లను భద్రంగా ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి బీరువా వెనక దాచిందట. విప్పి చూస్తే అంతా బూజు, లోపల తెల్లటి పురుగులు. చదువుకున్న పిల్ల! ఓదార్చాల్సింది పోయి నేను పకపకా నవ్వాను. దొరలు ఊళ్లు విడిచి పారిపోతున్న ఆ కాలంలో మేమూ అచ్చంగా ఇదే పని చేశాం మరి.

అప్పుడు నేను కొత్త కోడలిని. అత్తగారి ఊరు లింగాల ఘనపూర్ దిక్కున. ఇంటి వెనక మట్టిగోడలో మూడు కుండలు అడ్డంగా పొదిగి ఉండేవి. మోదుగలు పూసే వేళకు తేనెటీగలు వచ్చి వాటిలో కాపురం పెట్టేవి, వానలు ముదిరాక లేచిపోయేవి. తేనె మాత్రం మాది కాదు. చుక్క మిగలకుండా, పట్లతో సహా దొర ఉండే గడికి పోవాలి, వెట్టి కింద. మా అత్త ముప్పై ఏళ్లు ఆ తేనె నెత్తిన మోసింది గాని నాలుక మీద వేసుకోలేదు. ఎవరైనా వాసన పసిగడతారేమోనని చేతులు బూడిదతో తోముకునేదట.

ఆ ఏడు వానాకాలంలో ఊళ్లో వెట్టికి ఎదురు తిరిగి సంఘం లేచింది, దొర పట్నం పారిపోయాడు. అబ్బో, ఆ సంబరం ఏం చెప్పను! ఆ ఏటి తేనె అప్పటికే గడికి పోయింది గాని, తర్వాత ఈగలు కొత్తగా కట్టి వదిలిపోయిన తొమ్మిది పట్లు మొదటిసారి మా చేతుల్లో మిగిలాయి. పాత పట్టును కుండలో అతికిస్తే ఈగలు వెతుక్కుంటూ వస్తాయని, మళ్లీ కట్టే పని లేక గబగబా తేనె నింపుతాయని అత్త తన తండ్రి నోట వింది. వచ్చే ఎండకాలం తేనె మనదేనని ఆమెకు కాలు నిలవలేదు. విలువైనది చేతికొస్తే ఏం చేస్తాం? వడ్లలాగే గుమ్మిలో పెట్టి, మూత వేసి, చుట్టూ పేడతో మెత్తేశాం.

నెల తిరిగాక మూత తీస్తే ఐదు పట్లు పొడిపొడి. మిగిలిన నాలుగింటికీ పురుగు తగిలింది. అత్త ఒక్కో పట్టునూ తిప్పి తిప్పి చూసింది. గడిలో మరి పట్లు ఎట్లా నిలిచేవని అడిగాను.

"మేడ మీద వసారల, ఉయ్యాల కొక్కాలకు ఏలాడదీసేటోళ్లు. గాలి, ఎలుతురు..." అంటూనే ఆగిపోయింది.

మా ఇంటికేమో ఒక్క కిటికీ లేదు. బయట చెట్టుకు కడితే కాకులు, చీమలు. దొర లేని గడి మేడ మాత్రం ఖాళీగానే ఉంది కదా! పుల్లతో పురుగులన్నీ ఏరేసి, తట్టలో పట్లు పెట్టుకుని, పట్టపగలే బయలుదేరాం. గడి దగ్గరికి వచ్చేసరికి అత్త కాళ్లు వాటంతటవే దొడ్డి దారి పట్టాయి. నేను చెయ్యి పట్టి ముందు వాకిలికి లాగాను. లోపల భయమే గాని, పైకి మహా ధీమా!

మెట్ల దగ్గర ముసలి కావలివాడు అడ్డం వచ్చాడు. "రేపు దొరొస్తే ఏం చెప్తవ్?"

"నా పట్లు నేను ఆరేసుకున్న అని చెప్త" అంది అత్త.

అతను పక్కకు తప్పుకున్నాడు. చీమలు ఎక్కకుండా తాళ్లకు వేపనూనె రాసి నాలుగు పట్లూ కొక్కాలకు కట్టాం. చలికాలమంతా రోజూ మెట్లెక్కి చూసొచ్చేవాళ్లం. మేం లేనప్పుడు కాకులను తోలింది ఆ కావలివాడే.

మోదుగలు ఎర్రబడగానే పట్లు దించి కుండల్లో అతికించాం. మూడో రోజు పొద్దున గోడంతా జుమ్మంటోంది. నేను గంతులేశాను, కొత్త కోడలినన్న సోయి కూడా లేకుండా. ఎండకాలంలో పట్టు కోసి, అత్త వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. వేలు మళ్లీ ముంచింది.

"గింత తియ్యగుంటదా, పిల్లా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నెత్తి మీది నుంచి నాలుక మీదికి జానెడు దూరం. ఆ తేనెకు అది దిగి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.