కొండ మీద నిద్ర మొక్కు, దోమల మందు

సర్వ స్తోత్రాలూ లోకాలన్నిటినీ సాకే అల్లాకే. ఏనుగునూ దోమనూ ఒకే మాటతో పుట్టించినవాడు ఆయన. మనుషులకు బుద్ధి చెప్పేచోట దోమ పేరెత్తడానికి ఆయన సంకోచించలేదు. గర్వంతో కళ్లు నెత్తికెక్కిన ఒక రాజు మీదికి సైన్యాన్ని కాకుండా ఒక్క దోమను పంపాడని, అది ముక్కులో దూరి రాజును నేల మీద దొర్లించిందని చిన్నప్పుడు మదరసాలో మా గురువు హజరత్ చెబుతుంటే మేము చొక్కా అంచు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వు ఎంత తొందరపాటో తెలియడానికి నాకు సగం జీవితం పట్టింది.

మొన్న సాయంత్రం అసర్ నమాజు ముగించుకొని మసీదు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఫోను మోగింది. మా అక్క కూతురు. గుంతకల్లులో బడి పంతులమ్మ. పిల్లల్ని కొండ దగ్గరికి తీసుకుపోయి గుడారాల్లో ఉంచి తిప్పుకొస్తుందట. మందుల షాపులో నిలబడి మూడు రకాల దోమల మందుల ఫోటోలు పంపింది. "మామా, ఏది కొనల్ల? బిరీన చెప్పు, వెనకాల జనం ఉండారు" అంది. ఒంటికి పూసే క్రీం ఒకటి, గుడ్డల మీద కొట్టే స్ప్రే ఒకటి కొను, పిల్లల అరచేతులకు మాత్రం పూయొద్దు, కళ్లు రుద్దుకుంటారు అని చెప్పి ఫోను పెట్టేశాను. చెప్పడమైతే చెప్పాను గానీ, అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. నిజానికి ఈ అశాంతి నాది కాదు, మా అక్కది. ఒక ఎండాకాలం ఆమె దగ్గర అంటుకుంది, ఇంకా వదల్లేదు.

అప్పుడు ఆ పిల్ల ఐదో తరగతి. పామిడిలో మా ఇల్లూ అక్కవాళ్ల ఇల్లూ ఒకే గోడ. బావ నైటీలు కుట్టించి సంతలకు వేసేవాడు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ కనబడని ఏడు అది. ఆ ఏడే పిల్లకు డెంగీ వచ్చింది. అనంతపురం ఆసుపత్రిలో రక్తకణాలు పడిపోతున్నాయని చెప్పిన సాయంత్రం అక్క వరండాలో గోడకు ఒరిగి, ఎవరినీ అడక్కుండా మొక్కేసింది. బిడ్డ లేచి కూర్చుంటే కంబదూరు దిక్కున కొండ మీదున్న దర్గాలో నిద్ర చేయిస్తానని. మా వైపు అదొక మొక్కు. మొక్కినవాళ్లు దర్గా ముందరి బండ మీద ఒక రాత్రి పడుకోవాలి. మనిషికీ ఆకాశానికీ మధ్య కప్పు కాదు కదా, గుడ్డ పేలిక కూడా అడ్డం ఉండకూడదు. తెల్లవారి నమాజయ్యాక చక్కెర మీద ప్రార్థన చదివించి, పంచి, దిగి రావాలి. దేవుడి దయవల్ల పిల్ల లేచి కూర్చుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: ఈ జ్వరం రెండోసారి వస్తే మొదటిసారి కంటే గట్టిగా దెబ్బ తీయొచ్చు, ఇక మీదట దోమ కుట్టకుండా చూసుకోండి.

దోమ తెచ్చిన జ్వరం తగ్గినందుకు బిడ్డను దోమతెర కూడా లేకుండా ఆరుబయట పడుకోబెడతానని మొక్కిన తల్లి లోకంలో మా అక్క ఒక్కతే అయ్యుంటుంది. నేను నాలుగు అక్షరాలు ఖురాను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇంట్లో ప్రతి చిక్కూ నా దగ్గరికే వచ్చేది. మొక్కు అల్లాకు తప్ప ఇంకెవరికీ చెల్లదని నాకు తెలుసు. మొక్కిన మాట తీర్చడం విశ్వాసుల గుణమనీ తెలుసు. ఈ రెండు తెలివిడులూ నా లోపల పొట్లాడుతుంటే, మసీదు వరండాలో పడుకోబెడితే అల్లా ఒప్పుకోడా అని మెల్లగా అడిగాను. "మొక్కింది నువ్వా, నేనా?" అంది అక్క. "రేపు బిడ్డకు మళ్లా ఏమన్నా అయితే, మొక్కు తీర్చకపోతివే అని నా మనసు నన్ను బతకనిస్తుందా? పోతే దోమ భయం, పోకపోతే దేవుని భయం. నాకు యాడికీ దారి లేదురా." అలా అంటూనే వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వంటింట్లోకి తిరిగేది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది.

చివరికి ఆమె కనుక్కున్న దారి దోమల మందు. గుడ్డ అడ్డం ఉండకూడదు గానీ, ఒంటికి మందు పూసుకోకూడదని ఎవరూ చెప్పలేదు కదా. నన్ను వెంటబెట్టుకుని బజారులో శెట్టి మందుల షాపుకు బయల్దేరింది. షాపులో ఉన్నవన్నీ గల్లా ముందు పరచమంది. క్రీములు, స్ప్రేలు, చేతికి కట్టుకునే రబ్బరు పట్టీ, నిమ్మగడ్డి నూనె, వెలిగించే దోమల చుట్టలు. శెట్టి కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఏమమ్మా, దర్గాకు పోతాండారా, యుద్ధానికి పోతాండారా?" అన్నాడు. అక్క నవ్వలేదు. "దీంట్లో ఏముండాది శెట్టీ?" అని స్ప్రే వాసన చూసి, ముక్కు మూసుకుంది. "ఇది సారాయి వాసన కదా! సారాయి చల్లుకొని దర్గా మెట్టెక్కమంటావా?" శెట్టి తల కొట్టుకున్నాడు. "సారాయి కాదు తల్లీ, స్పిరిట్టు. తాగేది కాదు, కొట్టుకునేది." క్రీం చూపిస్తే ఇంకో అనుమానం. నూనెలా చర్మానికి పట్టుకుంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లు లోపలికి దిగవు, వజూ లేనిదే నమాజు లేదు, నమాజు లేనిదే మొక్కేమిటి?

ఆ ప్రశ్నలు మోసుకుని నేను మసీదుకు పోయాను. హజరత్ ఓపికగా విన్నాడు. "తాగే సారాయి వేరు, మందులో స్పిరిట్టు వేరు. క్రీం చర్మం తాగేస్తుంది, అడ్డం కాదు. కానీ మీ అక్కకు ఒక మాట చెప్పప్పా, వజూ అయినాక పూసుకోమను. ముందే పూసుకుంటే దుడ్లు నీళ్లలో పోతాయి" అన్నాడు. శాస్త్రం సరిపోయింది, ఇక ప్రయోగం మిగిలింది. అక్క బావను పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, ఒక చేతికి వేపనూనె, ఒక చేతికి క్రీం పూసి, కాళ్లు మాత్రం ఖాళీగా వదిలేసింది. పొద్దు వాలకముందే బావ కాళ్లు పటపటా కొట్టుకుంటూ లేచాడు. "చేతులు రెండూ బాగుండాయి, కాళ్లే నావి కాకుండా పోయినాయి. ఏమే, నన్ను దోమలకు చదివిస్తాండావా?" వేపనూనె వాసనకు పిల్ల దూరం జరిగింది. "అమ్మా, ఇది పూస్తే దోమలే కాదు, దర్గా కాడ ఫకీర్లు కూడా లేచి పోతారు." క్రీం గెలిచింది. గుడ్డలకు స్ప్రే కూడా కొన్నాం. మా పెరట్లో పట్టపగలే అన్ని దోమలు ఎందుకున్నాయని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు.

బాడుగ జీపులో కొండ కిందికి చేరేసరికి పొద్దు గూకే మగ్రిబ్ నమాజు వేళ దగ్గర పడింది. ఆ దిక్కంతా వానకు ఎదురుచూసే చేన్లు. దున్ని వదిలేసిన ఎర్రమన్ను, బండలు, ఎండిన కంప. అక్క మెట్టు మెట్టుకూ ఆగి పిల్ల మెడ, చెవుల వెనక, మడమలు తడిమి చూసింది. పైన బండ చేరాక వజూ చేయించి, తడి తుడిచి, క్రీం పూసి, గుడ్డల మీద స్ప్రే కొట్టి, తానూ పక్కనే కూర్చుని చెవి నిక్కించింది. గుయ్యిమనే చప్పుడు కోసం. చప్పుడు లేదు. బండ వేడి మెల్లగా దిగిపోతోంది. గాలి తప్ప ఏదీ కదల్లేదు. దర్గా చూసుకునే ముసలి ముజావర్ వచ్చి ఆ డబ్బాల వరస చూసి పకపకా నవ్వాడు. "ఏమి తల్లీ ఇవన్నీ? ఈడ తాగేకే నీళ్లు లేక కింద నుంచి క్యాన్లు మోసుకుంటాండాం. దోమ యాడ గుడ్డు పెట్టల్ల, నా నెత్తిన పెట్టల్లనా?"

బావ నవ్వాడు, నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తెల్లవారి చక్కెర పంచేటప్పుడు ఆమె చేయి పని చేస్తోంది గానీ మనసు అక్కడ లేదు. తిరుగు దారిలో జీపు కిటికీ కడ్డీ పట్టుకుని, "నీళ్లు... నీళ్లుండేది యాడ?" అని తనలో తను గొణుక్కుంటూనే ఉంది.

ఇంటికి రాగానే బురఖా కూడా తీయకుండా పెరట్లోకి పరుగెత్తింది. మా ఊళ్లో కొళాయి రోజూ రాదు. వచ్చిన రోజు దొరికిన ప్రతి డ్రమ్మూ, తొట్టీ, బిందే నింపుకుంటాం. నీళ్లంటే మాకు బంగారం, దాచుకోవడమే మాకు తెలిసిన తెలివి. అక్క డ్రమ్ము మీద రేకు ఎత్తింది. నేనూ తొంగి చూశాను. నీళ్లలో సన్నటి పురుగులు వంకర్లు పోతూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఇంకో డ్రమ్ము, అందులోనూ అవే. మేము కొండ మీద కాపలా కాసింది లేని శత్రువుకు. ఉన్న శత్రువును మా చేతులతోనే నింపి, మూత పెట్టి పెంచుకున్నాం. సరిగ్గా అప్పుడే వెనక నుంచి పిల్ల గొంతు: "అమ్మా, కుట్టింది." తెల్లవారి వజూలో క్రీం పోయింది. మొక్కు తీరింది కదా అని మళ్లీ ఎవరూ పూయలేదు. మెడ మీద ఎర్రటి చిన్న చుక్క.

అక్క ఏడవలేదు. డ్రమ్మును రెండు చేతులా పట్టి బోర్లా తోసేసింది. ఆ చప్పుడుకు పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "అయ్యో, పిచ్చి పట్టిందా? కొళాయి ఎప్పుడొస్తుందో ఏమో, నీళ్లు పారబోస్తాండావు!" అని అరిచింది. "నీ డ్రమ్ములు కూడా పోసేయ్, లేకుంటే గోడ దూకి నేనే వచ్చి పోస్తా" అంది అక్క. కరువు సీమలో పెరడంతా నీళ్లు పారడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఎర్రమన్ను గటగటా తాగేసింది. కొళాయి వచ్చేదాకా ఇంటింటికీ బిందె పట్టుకుని తిరిగాం.

జ్వరం మళ్లీ వస్తుందేమోనని ఆ తర్వాత మొదలైంది అసలు కాపలా. అక్క చేయి పిల్ల నుదుటి మీది నుంచి దిగలేదు. బడికి పోతూ ఉంటే వీధి మలుపు దాకా వెంటపడి మళ్లీ తాకి చూసేది. నేను నమాజులో నిలబడి, చదివే ఆయతు మధ్యలో, గోడ అవతల పిల్ల మూలిగిందా అని చెవి పెట్టాను. అల్లా ఆ పరాకును క్షమించుగాక. జ్వరం వస్తే ఫలానా గంటకు వచ్చిందని చెప్పుకుంటాం. రాని జ్వరం ఏ గంటకు రాలేదో ఎవరు చెప్పగలరు? ఒకరోజు చూస్తే అక్క చేయి మామూలుగా రొట్టెలు చేసుకుంటోంది. అది ఎప్పుడు నుదుటి మీది నుంచి దిగిందో ఆమెకూ తెలియదు.

చదివే అన్నలారా, అక్కలారా, మీరు ఆ పైవాణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే, ఈ పూట బిడ్డ నుదుటి మీద చేయి పెట్టుకుని కూర్చున్న తల్లులందరి కోసం ఒక్క ఘడియ నాతోపాటు చేతులెత్తండి, ఆమీన్ అనండి. భయపడిన రోజులు ఒక్కొక్కటీ మనకు గుర్తుంటాయి. ఆయన కాపాడిన రోజులు మాత్రం చప్పుడు లేకుండా మన పక్క నుంచే నడిచిపోతాయి. మనం బతికిన కాలంలో ఎక్కువ భాగం అవే.