మధ్యలో దొరికిన గురువారం

ఆ పేటలో సగం ఇళ్ల తలుపులు ఆ వడ్రంగి చేతి మీదుగా వచ్చినవే కాబట్టి అందరూ అతన్ని తలుపుల మేస్త్రి అనేవాళ్లు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవాడు. చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, పచ్చి ఆరిందో లేదో చెప్పేవాడు. అలాంటివాడు తన ఒళ్లు చెప్పేది మాత్రం చాలాకాలం చెవిన పెట్టలేదు. కాళ్లు వాస్తే, రోజంతా నిలబడే పని కదా అనుకున్నాడు. అన్నం సహించకపోతే, ఎండలు కదా అనుకున్నాడు. చివరికి ఓ మధ్యాహ్నం తలుపు చట్రానికి మేకు కొడుతూ కొడుతూ రంపపుపొట్టులో కూలబడిపోయాడు. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయని ఆస్పత్రిలో చెప్పారు.

అప్పట్నుంచి సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఒంట్లో రక్తాన్ని గొట్టంలోంచి మిషన్‌కి పంపి, కడిగి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించే పని. మొదట్లో ఆ ఎర్రటి గొట్టాలు చూసి మేస్త్రి కళ్లు మూసుకునేవాడు. రానురాను అదీ ఓ కార్ఖానాలాగే అనిపించింది. వరసగా మంచాలు, మంచానికో మిషన్, అన్నీ కలిసి చేసే సన్నటి రొద. ఎప్పుడు ఏ మిషన్ కూత పెడుతుందోనని ఒక చెవి అటే వేసి తిరిగే సిస్టర్. ఆ గదిలో రోజూ ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు, రోజూ ఎవరో ఒకరు అందర్నీ నవ్విస్తారు.

నవ్వించేవాడు ఎక్కువగా పక్క మంచం మీది లారీ మామే. ఊళ్లు ఊళ్లు లారీ తోలిన మనిషి, ఇప్పుడు మంచం దిగాలంటే కర్ర కావాలి. అయినా నోటికి మాత్రం బ్రేకు లేదు. మేస్త్రిని మొదటిరోజునుంచీ "అల్లుడూ" అని పిలిచేవాడు. ఆయనకి ఉన్నది ఒక్కతే కూతురు, అద్దె కారు నడుపుతుంది. ఆ అమ్మాయేమో మేస్త్రిని "అన్నయ్యా" అనేది. "మా నాన్నకి అల్లుడు, నాకు అన్నయ్య. ఈ వరసెలా కుదిరిందని మాత్రం ఎవరూ అడక్కండి" అనేది.

గుడి మాట మొదట ఎత్తింది మేస్త్రే. కొండ పక్కన, పెద్ద కోవెల చుట్టూ కట్టుకున్న ఊరొకటి ఉంది, కారులో వెళ్తే పొద్దున బయల్దేరి చీకటిపడేలోపు తిరిగి రావచ్చు. పెళ్లైన కొత్తలో భార్యని తీసుకెళ్తానన్నాడు. చేతిలో ఉన్న తలుపు అయ్యాక వెళ్దామన్నాడు. ఆ తలుపు అయ్యేసరికి ఇంకో తలుపు వచ్చింది. ఏళ్లన్నీ అలాగే గడిచిపోయాయి. ఆవిడ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని దుకాణాలకి దిండు గలీబులు కుడుతుంది. భర్త ఆస్పత్రి రోజుల్లో ఆ గలీబుల మూట ఇక్కడికే తెచ్చుకుని, వరండాలో బల్లమీద కూర్చుని అంచులు మడతలు వేసుకుంటూ ఉంటుంది.

ఒక సోమవారం ఆవిడ మంచం దగ్గరికి వచ్చినప్పుడు మేస్త్రి అడిగాడు. "నేను పడిపోయినప్పుడు ఆ దేవుడికి ఏమైనా మొక్కుకున్నావా? ఉంటే చెప్పు, బాకీ పెట్టుకోవద్దు."

"లేదండీ" అంది ఆవిడ. "ఆయనతో బేరమాడటం నాకు చేతకాలేదు. బతికించు అని ఏడ్చానంతే."

"బతికించాడుగా."

"అదే కదా. ఊరికే వెళ్లి ఒక దండం పెట్టుకోవాలని నాకూ ఉంది. కానీ మీ ఒంటికి..." అని ఆగిపోయింది.

పక్క మంచం ఊరుకుంటుందా? "గుడికి వెళ్లాలంటే దారి కావాలి. దారి కావాలంటే నన్నడగాలి!" అన్నాడు లారీ మామ, సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా తల మాత్రం ఇటు తిప్పి. "రోజు చెప్పండి సిస్టరమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

సిస్టర్ వెంటనే ఒప్పుకోలేదు. డాక్టర్ని అడగాలంది. డాక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, రిపోర్టులు రెండుసార్లు తిరగేసి, "మనిషి బానే ఉన్నాడు, వెళ్లనివ్వండి. కానీ పెళ్లికి వెళ్లినట్టు వెళ్లకూడదు, పరీక్షకి వెళ్లినట్టు వెళ్లాలి" అన్నాడట. ఆ కబురు తెచ్చిన సిస్టర్ మొహం మేస్త్రి మొహం కంటే వెలిగిపోతోంది.

"శని, ఆదివారాలు రెండూ ఖాళీయే కదా, అప్పుడు వెళ్తే?" అన్నాడు మేస్త్రి.

"శనివారం జనం తొక్కిసలాట" అంది సిస్టర్. " ఆదివారానికి మీకు ఒంట్లో నీరు చేరి ఆయాసం. బుధవారం ఇక్కడ శుభ్రంగా కడిగించుకుని గురువారం వెళ్లండి. శుక్రవారం పొద్దున్నే వచ్చి ఈ మంచం మీద పడుకోవాలి. రాకపోతే నేనే వచ్చి లాక్కొస్తా."

అలా రెండు డయాలసిస్ రోజుల మధ్య ఒక గురువారం దొరికింది. ఆ గదంతా దానిమీద పడింది. లారీ మామ దారి చెప్పాడు. పెద్ద రోడ్డు వద్దు, లారీలు ఎక్కువ, చెరుకు తోటల పక్క రోడ్డు పట్టండి, కుదుపు ఉండదు అన్నాడు. మూడో మంచం మీది లెక్కల పంతులమ్మ, ఇంటినుంచే ఉప్పులేని అన్నం కట్టుకెళ్లమంది. ఊడ్చే ఆయా, గుళ్లో రాళ్లు కాలుతాయి, మేజోళ్లు తొడుక్కోమంది. నీళ్ల మీద పెద్ద చర్చే జరిగింది. రోజుకి మేస్త్రి ఇన్ని నీళ్లకంటే ఎక్కువ తాగకూడదని లెక్క. ఎండలో తిరిగితే ఆ లెక్క నిలుస్తుందా? ఫ్లాస్కులో మంచుముక్కలు వేసుకెళ్లి, దాహమైనప్పుడు ఒక్కోటి చప్పరించమని సిస్టర్ తేల్చింది.

"కొబ్బరినీళ్లు?" అన్నాడు మేస్త్రి ఆశగా.

"అస్సలొద్దు. అరటిపండు కూడా వద్దు. రెండింట్లోనూ మీకు పడని పొటాషియం ఉంటుంది."

"ప్రసాదంగా ఇచ్చినా ఉంటుందా సిస్టర్?"

"దేవుడిలో లేదు మేస్త్రిగారూ. అరటిపండులోనే ఉంది."

గది గదంతా నవ్వింది. నవ్వుకి ఒక మిషన్ కూత పెట్టింది కూడా. పంతులమ్మ చెయ్యి కదిపేసింది.

ఇంత సందడి చేసిన లారీ మామకి బుధవారం బీపీ పడిపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తల వాల్చేశాడు. సిస్టర్ పరుగెత్తుకొచ్చింది, మంచం కాళ్లవైపు పైకెత్తింది, డాక్టర్ వచ్చాడు. కాసేపటికి కళ్లు తెరిచాడు గానీ ఒకట్రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉంచుతామన్నారు. కారు నడపాల్సిన కూతురు, మొహం పాలిపోయి తండ్రి మంచం పక్కన నిలబడింది.

మేస్త్రికి మనసు కలుక్కుమంది. తన మిషన్ అవగానే చేతికి కట్టు వేయించుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. "మామా, రేపు మానేస్తున్నాం. దేవుడెక్కడికి పోతాడు, తర్వాత చూద్దాం."

లారీ మామ గొంతు బలహీనంగానే ఉంది గానీ అందులో కోపం తగ్గలేదు. "ఏం, ఒక లారీ చెడిపోతే రోడ్డంతా మూసేస్తారా? నువ్వు 'తర్వాత' అనే మాట ఎన్నేళ్లనుంచి అంటున్నావో మీ ఆవిణ్ణి అడుగు."

"అమ్మాయి మీ దగ్గరుండాలి కదా."

"నన్ను కనిపెట్టుకోవడానికి మీ అత్త ఉంది. తిట్టడానికీ తనే ఉంది. అమ్మాయి ఇక్కడుంటే ఇద్దరూ ఏడుస్తారు, నాకు నిద్ర ఉండదు. తీసుకుపో అల్లుడూ. ఆ తోటల రోడ్డు ఎలా ఉందో చూసొచ్చి నాకు చెప్పు."

కూతురు తండ్రి వైపు చూసింది, డాక్టర్ వైపు చూసింది. ప్రమాదం గడిచింది, ఫర్వాలేదన్నట్టు డాక్టర్ తలూపాడు. "పొద్దున్నే సిద్ధంగా ఉండు వదినా" అంది ఆ అమ్మాయి, మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని.

తెల్లారకముందే బయల్దేరారు. మేస్త్రి భార్య కిటికీ పక్కన కూర్చుంది. మిషన్ మీద వంగి వంగి మెడ పట్టేసిన మనిషి, ఆ రోజు తల ఎత్తుకుని దారి పొడవునా చూస్తూనే ఉంది. కాలవ మీద వంతెన వస్తే చూసింది, గొర్రెల మంద అడ్డొస్తే చూసింది. "అబ్బ, ఎంత ఉందో కదండీ లోకం" అంది. ఇన్నేళ్లూ ఊరందరికీ తలుపులు చేసిపెట్టాను, ఈవిడకి మాత్రం ఒక్కటీ తెరవలేకపోయాను అనుకున్నాడు మేస్త్రి. పైకి మాత్రం, "మంచుముక్క తింటావా?" అన్నాడు.

"అవి మీ వాటా. నన్ను ఊరించకండి" అని నవ్వింది.

గుడి వీధి ఇరుగ్గా ఉంది. రెండువైపులా ఇత్తడి సామాన్ల దుకాణాలు, పూలబుట్టలు, పటాల కొట్లు. వరసేమో గాలిగోపురం దాటి బయటికి వచ్చేసింది. కాసేపు నిలబడేసరికి మేస్త్రి పక్కనున్న కమ్మీ పట్టుకుని బరువంతా దానిమీద మోపాడు. పైకి చెప్పలేదు. కానీ వరస సర్దుతున్న ఒక నడివయసు వాలంటీరు, అతని మోచేతి దగ్గర ఉబ్బిన నరాలూ, తెల్లటి కట్టూ చూసి ఆగిపోయింది.

"డయాలసిసా?" అని నెమ్మదిగా అడిగింది.

"అవునమ్మా."

"మా తమ్ముడు కూడా చేయించుకునేవాడు" అంది. 'చేయించుకునేవాడు' అన్న మాటలోనే మిగతాదంతా అర్థమైంది. ఆవిడ ఇంకేం అడగలేదు. ఒక చక్రాల కుర్చీ తెప్పించి పక్కదారి గొలుసు విప్పింది. కుర్చీ వద్దని మేస్త్రి మొహమాటపడ్డాడు. "కూర్చోండి అన్నా. నాకూ ఒక మంచిపని చేసినట్టుంటుంది" అంది. అప్పుడు కూర్చున్నాడు. ఆవిడే తోసుకుంటూ తీసుకెళ్లింది.

అలా లోపలి వాకిలి దగ్గరికి వచ్చారు. అక్కడ ఉంది అసలు చిక్కు. ఆ వాకిలికి రెండు రెక్కల చెక్క తలుపు. ఏనుగు దూరేంత ఎత్తు. మేస్త్రి కళ్లు దానిమీద పడ్డాయి. ఎన్ని తరాల చేతులు తగిలాయో, అంచులు నున్నగా మెరుస్తున్నాయి. కింది భాగంలో ఎప్పుడో పాడైన చోట ఎవరో కొత్త ముక్క అతికారు. మామూలు కళ్లకి ఆనదు. చెక్క చారకి చార కలిపి, అతుకు ఎక్కడుందో గోరుకి కూడా తగలకుండా కూర్చారు. మేస్త్రి వంగి చెయ్యి పెట్టి నిమిరాడు. ఎవడయ్యా వీడు, ఎక్కడా పేరైనా చెక్కుకోలేదు అనుకున్నాడు. కడుపు నిండినట్టయింది.

"కదలండి, కదలండి!" అన్న కేక వినపడి తల తిప్పేసరికి కుర్చీ గర్భగుడి దాటేసింది. దీపాల వెలుగు పక్కనుంచి జారిపోయింది, అంతే.

బయటి మండపంలోకి వచ్చాక భార్య కళ్లొత్తుకుంటూ అడిగింది. "కరువుతీరా చూశాను. మీరు కూడా బాగా చూశారా?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. "తలుపు చూశానే."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది. "పొద్దున్నుంచి ఇంతమంది కష్టపడి దేవుడి దగ్గరికి తీసుకొస్తే తలుపు చూస్తారా! అయ్యో రామా!"

వాలంటీరు కూడా నవ్వింది. "మళ్లీ తీసుకెళ్లనా అన్నా?"

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. వరసలో ఇంకా ఎంతమందో ఉన్నారు. నేను చూడాల్సింది చూశాను."

కాసేపు కారులో నడుం వాలుస్తానని లారీ మామ కూతురు వెళ్లింది. మండపంలో ఒక స్తంభం నీడన భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఉప్పులేని అన్నం తిన్నారు. తిన్నాక ఆవిడ, ఎప్పటిలాగే కట్టులేని చెయ్యివైపు జరిగి, స్తంభానికి ఆనుకుంది. రెండు మాటలు మాట్లాడేలోపు అతని భుజమ్మీద తల వాల్చి నిద్రపోయింది. పగటిపూట ఆవిడ నిద్రపోగా మేస్త్రి ఎప్పుడూ చూడలేదు. అతను ఆస్పత్రిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, ఒక కన్ను తెరిచే ఉంచుకునే మనిషి.

కదిలితే లేస్తుందేమోనని అలాగే బిగుసుకుని కూర్చున్నాడు. దాహంగా ఉంది. ఫ్లాస్కు చేతికి అందేలానే ఉంది గానీ తీసుకోలేదు. దేవుణ్ణి ఏమైనా అడుగుదామా అని ఆలోచించాడు. కొత్త కిడ్నీ అడగొచ్చు. ఆయుష్షు అడగొచ్చు. కానీ ఎంత వెతికినా అడగాలన్న కోరిక పైకి రాలేదు. వరసగా మొహాలే గుర్తుకొచ్చాయి. మిషన్ కూత పెడితే తినే ముద్ద వదిలి పరుగెత్తే సిస్టర్. సొంత ఒళ్లు బాగోకపోయినా తనకి దారి చెప్పిన మామ. తమ్ముణ్ణి పోగొట్టుకుని కూడా పరాయివాడి కుర్చీ తోసిన ఈ ఆవిడ. తలుపుకి ముక్క అతికి పేరు చెప్పకుండా పోయిన ఆ మేస్త్రి. ఆ రెండు మిషన్లు కూడా గుర్తుకొచ్చాయి, ఒకటి తన రక్తం కడిగేది, ఇంకొకటి ఇంటి దగ్గర గలీబులు కుట్టేది. "బానే చూసుకుంటున్నావు స్వామీ" అన్నాడు లోలోపలే. అంతకంటే పెద్ద ప్రార్థన అతనికి రాలేదు.

భార్య లేచేసరికి నీడ మండపం అవతలికి జరిగింది. "ఎంతసేపు పడుకున్నానండీ? లేపొచ్చు కదా!" అని కంగారుపడింది.

"లేపాల్సిన తొందరేముంది? ఈ రోజు మనదే కదా" అన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలోనే ఫోన్ మోగింది. లారీ మామ. కూతురు స్పీకరులో పెట్టింది. "ఏం అల్లుడూ, దర్శనమైందా?"

"అయింది మామా."

"అబద్ధం!" అంది మేస్త్రి భార్య. "తలుపుకి దండం పెట్టొచ్చాడు మీ అల్లుడు!"

అవతలినుంచి నవ్వు, నవ్వు వెనక దగ్గు, దగ్గు వెనక అత్త తిట్లు వినపడ్డాయి. కారు నడుపుతున్న ఆ అమ్మాయి పొద్దున్నుంచి మొదటిసారి భుజాలు వదులు చేసి కూర్చుంది. "నాన్న బావున్నాడు" అంది, ఎవరికో కాదు, తనకే చెప్పుకున్నట్టు.

శుక్రవారం పొద్దున మేస్త్రి అందరికంటే ముందే వచ్చాడు. సిస్టర్ తూకం చూసి, కళ్లు పెద్దవి చేసి, "నీళ్ల లెక్క తప్పలేదే! గుడికే వెళ్లారా, ఇంట్లో దాక్కున్నారా?" అంది. తలుపు కథ ఆ గదిలో ఎన్నిసార్లు చెప్పించుకున్నారో! సోమవారానికి లారీ మామ పక్క మంచం మీదికి తిరిగొచ్చి, రోడ్డు ఎలా ఉందో మలుపు మలుపునా అడిగి తెలుసుకున్నాడు. ఆ రోజే మూడో మంచం మీంచి లెక్కల పంతులమ్మ గొంతు సవరించుకుంది.

"నాకు సముద్రం చూడాలనుంది" అంది, బళ్లో పిల్లలాగా సిగ్గుపడుతూ. "కుదురుతుందంటారా?"

"ఏ రోజు ఖాళీ?" అన్నాడు మేస్త్రి, దిండు మీంచి తల ఎత్తి.